ముల్లు సన్నం

ఎమ్మిగనూరు అన్న పోయినాడని విన్నప్పుడు నాకేమీ అనిపించలేదు. ఇలా రాస్తే బాగుండదని తెలుసు, కానీ ఉన్న సంగతి అది. ఆదోనిలో మా అంగడి ముందు మధ్యాహ్నపు ఎండ కాస్తోంది. గిరాకీ లేదు. సైకిలు బెల్లులు దుమ్ము దులిపి పెడుతున్నాను. మెట్టు దగ్గరికి ఒక పెద్దామె వచ్చి నిలబడింది. చేతుల్లో పాత చీరగుడ్డ చుట్టిన పొడుగాటి మూట. అన్న భార్య. ఆమెను అంతకుముందు ఒక్కసారే చూశాను, అయినా గుర్తుపట్టాను.

"ఆయన పోయినాడప్పా" అంది. "కార్యాలన్నీ అయిపోయినాయి. దీన్ని నువ్వు తీసుకుంటావేమోనని వచ్చినా."

"అట్లనా వదినా" అన్నాను. పీట జరిపి కూర్చోమన్నాను, చెంబుతో నీళ్ళిచ్చాను. తరవాత ఏం చేయాలో తోచక మిగిలిన బెల్లులు కూడా తుడిచాను. ఆమె నీళ్ళు తాగుతున్నంతసేపూ నా లోపల ఏమైనా కదులుతుందేమోనని చూసుకున్నాను. తిమ్మిరెక్కిన కాలును గిల్లుకున్నట్టుంది. మూటలో ఏముందో విప్పకుండానే తెలుసు. అది నేను అమ్మిన గాలి తుపాకి.

ఆయన పేరు నేనెప్పుడూ అడగలేదు. ఆయనా నా పేరు అడగలేదు. నాకు ఆయన అన్న, ఆయనకు నేను అప్పా. మాకు అంతకన్నా అవసరం పడలేదు.

మా అంగట్లో సైకిలు సామాను, పెట్రొమాక్సు లైట్లు, తాళాలు, వాటితో పాటు గాలి తుపాకులూ ఉండేవి. లైసెన్సు అక్కరలేని తుపాకులు. మా ఇంట్లో చీమను తొక్కినా అమ్మ ఊరుకునేది కాదు. అయితే అమ్మేది పాపం కాదు, కాల్చేది పాపం అని మా నాయన ఎప్పుడో తేల్చేశాడు, ఆ మాట మీద మా వ్యాపారం నడిచిపోయింది. సి.బెళగల్ వైపు రైతులు కౌజుపిట్టల కోసం కొనేవారు. కౌతాళం వాళ్ళు వరిమడి మీద వాలే పిట్టల కోసం వచ్చేవారు. పత్తిమిల్లుల వాళ్ళకు పావురాల పీడ. ఎవరైనా సరే, గోడ మీద తుపాకి దించమని, గొట్టం విరిచి చూసి, భుజానికి ఆనించుకుని, టీ తాగేలోపల బేరం ముగించుకుని పోయేవారు. అన్న ఒక్కడే అలా పోలేదు. రెండు వినాయక చవితులు దాటినా ఆయన ఎంపిక తేలలేదు.

మొదటిసారి వచ్చింది కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో. ఒక సోమవారం. వాళ్ళ ఇంట్లో సోమవారం మగ్గం గుంతలోకి దిగి నేయరాదు, అందుకని బస్సెక్కి వచ్చాడు. మెడలో లింగంకాయ, తలకు తెల్ల రుమాలు, చంకలో చిన్న మూట. మూట విప్పి బల్ల మీద పెట్టాడు. అందులో నూలు చిక్కు, ఎలుక కొరికిన పడుగు. మగ్గం మీద నిలువుగా సాగదీసే దారాలకు గంజి పెడతారు కదా, ఆ గంజి కోసం ఎలుకలు రావడం, వారాల తరబడి పని ఒక్క పూటలో పోవడం మామూలేనట.

"ఈ నూలు నాది కాదప్పా, షావుకారుది" అన్నాడు. "సన్ననూలు. ఊర్లో అందరికీ ఇయ్యడు. ఇంకొక పడుగు పోతే నాకూ ఇయ్యడు. మంచి తుపాకి సూపియ్యి."

మెడలోని లింగంకాయ వైపు చూసి నాకు నవ్వొచ్చింది. "దాన్ని పెట్టుకొని ఎలుకను కొడ్తావా అన్నా?" అన్నాను.

"సంవత్సరానికొక దినం ఎలుకకు పెడ్తాం గదప్పా. చవితి మర్నాడు. ఆ దినం మగ్గం కూడా కదలదు, దానికి కుడుములు పెట్టి మొక్కుతాం. మిగతా దినాలు పగ."

పెరట్లోకి తీసుకుపోయాను. మా పెరటికి వెనక పత్తిమిల్లు గోడ. గోడ మీద ఇటుక సందులో ఒక అగ్గిపెట్టె నిలబెట్టాను. ఇంట్లో ఎలుకలకు చిన్న గుండు చాలని, పెద్ద గుండైతే గోడకు తగిలి వెనక్కి వస్తుందని చెప్పి దేశవాళీ తుపాకి ఇచ్చాను. గొట్టం చివర చిన్న ఇనప మొన ఉంటుంది, దాన్ని ముల్లు అంటాం. వెనక ఒక గాటు ఉంటుంది. గాటులోంచి చూస్తే ముల్లు, ముల్లు కొనమీద గురి. అంతే విద్య. అన్న ఊపిరి బిగబట్టి కొట్టాడు. అగ్గిపెట్టె ఎగిరి పడింది.

నేను కట్టి ఇవ్వడానికి గుడ్డ వెతుకుతున్నాను. ఆయన స్ప్రింగు కీచుమంటోందని, ఎలుక సద్దు వినేసి పోతుందని చెప్పి తుపాకి బల్ల మీద పెట్టాడు. "వచ్చే వారం వస్తా" అన్నాడు.

వచ్చాడు. ఆ తరవాత వస్తూనే ఉన్నాడు. తుపాకిని రెండు అరచేతుల మీద అడ్డంగా పెట్టుకుని తూకం చూసేవాడు. గొట్టం పొడుగునా వేలు నడిపించేవాడు. గొట్టం మూతి దగ్గర దూదిపింజ పట్టుకుని ఉత్త గాలి కొట్టించి, పింజ ఎంత దూరం పోయిందో నన్ను చూడమనేవాడు. తుపాకి వెనక కట్టెకు చెంప ఆనించి కాసేపు అలాగే ఉండేవాడు, నిద్రపోయాడేమోనని నాకు అనుమానం వచ్చేది. ఇంగ్లండు తుపాకి బరువన్నాడు. జర్మనీది చేతికి బాగుందన్నాడు, మరుసటి వారం బాగలేదన్నాడు. మధ్యలో నా చొక్కా అంచు పట్టుకుని నలిపి, "ఇది గుడ్డ కాదప్పా, జల్లెడ" అనేవాడు. ఎదుటి మనిషి బట్టల మీద ఎక్కడైనా పోగు లేచి ఉంటే మాట్లాడుతూనే దాన్ని పట్టుకుని తుంచకుండా లోపలికి దోపేవాడు. గిరాకీలు బెదిరిపోయేవారు.

రెండో ఏడు అగ్గిపెట్టె పడటం మానేసింది. గుండు పక్కకు పోయేది, పైకి పోయేది. అన్న తుపాకి దించి ముల్లును వేలితో తడిమి ఒకటే మాట అనేవాడు.

"దీని ముల్లు సన్నమప్పా."

ఇంకొకటి ఇచ్చేవాణ్ణి. "దీనిది కూడా సన్నమే." గోడ మీద ఉన్న తుపాకులన్నిటికీ ముల్లు సన్నమే. నేను కూడా నమ్మాను. వ్యాపారి కదా, కొనేవాడు సరుకు బాగలేదంటే ముందు సరుకునే అనుమానిస్తాడు. తుపాకులు దించి ముళ్ళన్నీ పోల్చి చూశాను, రెండింటికి నిజంగానే వంకరుందని తేల్చుకుని వెనక్కి పంపించాను కూడా.

ఒకసారి అగ్గిపెట్టె వద్దన్నాడు. "రేకు డబ్బా పెట్టు. తగిల్తే సద్దు వస్తాది." పెట్టాను. అది మోగితే చిన్నపిల్లవాడిలా నవ్వేవాడు. ముసలితనంలో సరదా పుట్టిందనుకున్నాను.

ఎమ్మిగనూరు నూలు షావుకారు గుమస్తా తాళం కొనడానికి వచ్చినప్పుడు గాని సంగతి నా తలకెక్కలేదు. తాళం తీసి వేసి చూస్తూ, "మా మగ్గపాయన సోమారం సోమారం నీ కాడికొస్తాడంటనే?" అన్నాడు.

"వస్తాడు."

"తుపాకికంట?"

"సూస్తాండాడు."

"కండ్లు కనపడనోనికి తుపాకి యాలప్పా?"

గుమస్తా చెప్పుకుపోయాడు. ఆయన కళ్ళకు పొర వచ్చిందని మగ్గాల వీధిలో అనుకుంటున్నారట. నేత మాత్రం చెడలేదట, వేళ్ళతో నేస్తున్నాడో ఏమో. మాట షావుకారు చెవిన పడింది. నిజమని తేలితే సన్ననూలు నిలిపేసి, గోనెపట్టాల్లాంటి తువ్వాళ్ళకు ముతకనూలు ఇస్తాడట. "ఆయన నాయన కాలం నుంచి ఆ ఇంట్లో ముతకనూలు దిగలే" అని కూడా అన్నాడు గుమస్తా. చెడ్డవాడేం కాదు, విని పోవడానికి వచ్చాడు.

"ఇదే పెరట్లో నా ముందర అగ్గిపెట్టె కొట్టినాడన్నా" అన్నాను. అబద్ధం కాదు. ఎప్పుడు కొట్టాడో గుమస్తా అడగలేదు.

మరుసటి సోమవారం అన్నతో సూటిగానే చెప్పాను. "తుపాకులు బాగనే ఉండాయన్నా. నీ కండ్లు సూపించుకో. బళ్ళారిలో పొర తీస్తాండారంట."

ఆయన చేతిలోని తుపాకిని మెల్లగా బల్ల మీద పెట్టాడు. ముఖం జేవురించింది. "కట్టు కట్టుకొని పండుకుంటే ఊరంతా వచ్చి సూస్తాదప్పా. ఆ వచ్చేవాళ్ళల్లో షావుకారు ఉండడా? నేను లేసేలోపల నా నూలు ఇంకొకని ఇంట్లో ఉంటాది." గొంతు తగ్గించి, "గుడ్డోడు తుపాకి కొంటాడా? నువ్వే సెప్పు. యాడైనా సూసినావా?" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, ఆయన తుపాకి కొంటున్నది ఎలుకల కోసం కాదని. మొదట ఎలుకల కోసమే వచ్చి ఉంటాడు. తరవాత తరవాత అది ఊరి కోసం అయింది. అరుగు మీద తుపాకి పెట్టుకుని కూర్చున్నవాణ్ణి గుడ్డివాడని ఎవరూ అనరు. కాకపోతే ఊరికే పెట్టుకుంటే చాలదు, నలుగురి ముందు ఒక్కసారైనా తగలాలి. తగిలే తుపాకి కోసం ఆయన సోమవారాలన్నీ వెతుకుతున్నాడు.

ఆ రోజు చెప్పకుండా లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ చాలా రోజులు రాలేదు. నేను బొంబాయికి రాసి, ముల్లు లావుగా ఉన్నది ఒకటి తెప్పించాను. అంత లావు ముల్లు నేనెప్పుడూ చూడలేదు, జొన్నగింజంత ఉంది. ఎందుకు తెప్పించావని అడిగితే చెప్పలేను. గిరాకీ పోతుందనే కావచ్చు. అది వచ్చిందని బస్సువాళ్ళ చేత అన్నకు కబురు చేశాను. చవితి ముందర ఎవరి చేతనో కబురు పంపించాడు, ఆ తుపాకి తీసుకుని ఇంటికి రమ్మని.

పండగనాడు ఖాళీ లేక మర్నాడు బస్సెక్కాను. ఆ మర్నాడు ఏమిటో నాకు గుర్తు లేదు. మగ్గాల వీధిలోకి మళ్ళాక తెలిసింది. ఆ వీధిలో అడుగు పెడితే మగ్గాల చప్పుడులో మాట వినపడదని విన్నాను, కానీ ఆ పూట ఎక్కడా అడ్డపోగు తీసుకుపోయే నాడె ఒక్కటి కూడా కదలడం లేదు. వాకిట్లో కూర్చున్న ఆడవాళ్ళు కూడా మెల్లగా మాట్లాడుకుంటున్నారు.

అన్న స్నానం చేసి, విభూతి పెట్టుకుని, మగ్గం గుంత పక్కన చాప మీద కూర్చుని ఉన్నాడు. నా గొంతు విని, "రా అప్పా, మంచి దినం వచ్చినావు. సద్దు సేయొద్దు" అన్నాడు. తుపాకి గోడకు ఆనించి నేనూ చాప చివర కూర్చున్నాను. వదిన కుడుములు, బెల్లం, నానబెట్టిన శనగపప్పు ఒక చిన్న పళ్ళెంలో పెట్టుకొచ్చి గుంత అంచున పెట్టింది. పువ్వు పెట్టింది. ముగ్గురం చేతులు ముడుచుకుని ఊరుకున్నాం. తలుపులోంచి మంచి వెలుతురు పడుతోంది.

గుంతలోంచి ఒక చుంచెలుక వచ్చింది. బొటనవేలంత ఉంటుందేమో. పళ్ళెం ఎక్కి, కుడుమును వదిలేసి శనగపప్పు ముందర కూర్చుని తినసాగింది. అన్న మోకాలికి జానెడు దూరం.

అన్న తల కొంచెం ఎత్తి, "వచ్చినాదా?" అని అడిగాడు.

నేను వదిన వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. "వచ్చినాది. తింటాంది" అంది మెల్లగా.

"ఆ ఆ, సూస్తాండాలే" అని అన్న రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆ దండం పళ్ళేనికి చేరలేదు, వదిన గొంతు వచ్చిన వైపు పోయింది. తరవాత నా వైపు తిరిగి సంతోషంగా, "ఎంత లావుండాదో సూడప్పా. పందికొక్కే" అన్నాడు.

"అవునన్నా, లావుండాది" అన్నాను.

మగ్గం పక్క గంపలో నూలు చుట్టిన కండెలు ఉన్నాయి. ఒక్కొక్క కండెకు వదులుగా వదిలిన దారం కొనకు ముడులు వేసి ఉన్నాయి. ఎర్రదానికి ఒకటి, పచ్చదానికి రెండు, పసుపుదానికి మూడు. నేను చూడటం వదిన చూసింది. చీరకొంగుతో గంపను కప్పేసింది. రంగులు ఆయన కళ్ళతో పట్టడం లేదు, వేళ్ళతో పడుతున్నాడు. ఆమె ముడి వేయడం, ఆయన తడమడం, దాని గురించి ఇద్దరూ ఏనాడూ మాట్లాడుకోకపోవడం, ఆ ఇంటి గుట్టంతా అంతే.

చుంచెలుక వెళ్ళిపోయాక అన్న తుపాకి అడిగాడు. ఆ రోజు కాల్చరాదు కాబట్టి ఉత్తదే ఒళ్ళో పెట్టుకుని అంతా తడిమాడు. వేలు ముల్లు దగ్గరికి పోయి ఆగింది. జొన్నగింజంత ముల్లు.

"సన్నమే" అన్నాడు. "అయినా పెట్టిపోప్పా. ఇంక సాలు, ఎన్నాళ్ళని ఎంచేది."

అదీ ఆయన తుపాకి కొన్న కథ. ఆ తరవాత ఆదోనికి ఎక్కువగా రాలేదు. సాయంత్రం పూట అరుగు మీద తుపాకి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడని, పోయేవాళ్ళను పిలిచి ఎలుకల వేట కథలు చెబుతాడని బస్సువాళ్ళు అనేవారు. గుమస్తా ఇంకోసారి వచ్చి, "నువ్వు సెప్పింది నిజమేనప్పా, ఎలుకను కొట్టి పెట్టినాడు, నేనే సూసినా" అన్నాడు. సన్ననూలు ఆగలేదు. నాకు ఆశ్చర్యం వేసింది గానీ, తుపాకి మంచిదేమోలే అనుకున్నాను.

ఇవన్నీ తలచుకుంటూ ఉంటే వదిన మూట విప్పింది. తుపాకి బయటికి తీసింది. కట్టె నునుపుదేరి మెరుస్తోంది. గొట్టం చివర మాత్రం నాకేదో వింతగా కనపడింది. ముల్లు ఉండవలసిన చోట తెల్లగా, గుండ్రంగా, వక్కంత ఉండ.

"ఏంది వదినా ఇది?"

"దారం" అంది. తనకు తాను చెప్పుకుంటున్నట్టు చెప్పింది. "సాయంత్రం గోడకు ఆనిచ్చి ముల్లు సన్నమైనాది అనేవాడు. నేను ఒక సుట్టు సుట్టేదాన్ని. మర్నాడు పట్టుకొని, ఇప్పుడు బాగుండాది అనేవాడు. కొన్నాళ్ళకు మళ్ళీ సన్నమైనాది అనేవాడు. మళ్ళీ సుట్టేదాన్ని. ఎవురు సుట్టినారని ఆయన అడగలే. నేను సెప్పలే."

"ఒక్క ఎలుకైనా పడినాదా?"

"యాడిదప్పా. గోడంతా గుంతలు." మొదటిసారి ఆమె మూతి కొద్దిగా వంకర పోయింది, నవ్వో కాదో తెలీదు. "పక్కింటి పిల్లికి పాలు పోసి మాలిం సేసుకొంటి. అది పట్టింది పడేసి పోయేది. ఆయన కాల్చిన వైపు తీసి పెట్టి, పడినాదిలే అనేదాన్ని."

"నమ్మేవాడా?"

"మొదట్దినం తోక పట్టుకొని ఒళ్ళంతా తడిమినాడప్పా. ఆయన యేలి సంగతి నీకు తెలుసు గదా, పోగు మింద ముడి కూడా దానికి దాగదు. గుండు తగిలిన బొక్క యాడుండాదని ఎతికినాడు. పిల్లి పండ్లు పడిన తావు దొరికినాది. ఆడ్నే యేలు నిలిపేసినాడు."

"ఏమన్నాడు?"

"ఏమన్లే. గుమస్తాను పిల్చకరా, సూసిపోనీ అన్నాడు. ఆయప్ప సూసిపోయినాక, నీళ్ళు తోడు, తానం సేయల్ల అన్నాడు."

నేను తుపాకి తీసుకుని అలవాటు కొద్దీ భుజానికి ఆనించి, గాటులోంచి వీధి వైపు చూశాను. తెల్లటి ఉండ తప్ప ఇంకేమీ కనపడలేదు. ఎదురంగడి కనపడలేదు, దాని మీది రేకు బోర్డు కనపడలేదు. ఆయన చివరికి ఇదే చూస్తూ కాల్చాడన్నమాట. దించేశాను. ఏడుపు వస్తే బాగుండేది. రాలేదు.

దారం ఉంటే ఎవరూ కొనరు. బల్ల సొరుగులోంచి బ్లేడు తీశాను. వదిన చప్పున చెయ్యి అడ్డం పెట్టింది.

"కోయొద్దప్పా."

తుపాకిని ఒళ్ళోకి తీసుకుని, ఉండను గోటితో తడిమి తడిమి కొన పట్టుకుంది. ఒక్కొక్క చుట్టే విప్పుతూ, విప్పిన దారాన్ని రెండు వేళ్ళకు చుట్టుకుంటూ కూర్చుంది. ఎక్కడా తెగలేదు. ఒక చుట్టు అయిపోయిన చోట ఇంకో చుట్టుకు అతుకు వేసి ఉంది, ఆ అతుకు నా కంటికి ఆనలేదు, ఆమె వేలు అక్కడ ఆగితే తెలిసింది. మధ్యలో ఒక గిరాకీ వచ్చి సైకిలు ట్యూబు అడిగాడు. ఇచ్చి పంపించాను. ఆమె ఇంకా విప్పుతూనే ఉంది.

"షావుకారు నూలేనప్పా, కండెల కాడ మిగిలింది" అంది, చుట్టిన దారపు చిన్న చిలపను వేళ్ళ మీంచి తీసి రొండిన దోపుకుంటూ. "సన్ననూలు. కడదాకా ఇచ్చినాడు. పారేస్తామా."

కింద ముల్లు బయటపడింది. నల్లగా, కొత్తగా, బొంబాయి నుంచి వచ్చిన నాడు ఎలా ఉందో అలాగే ఉంది. నేను తెప్పించినవాటిలో అంత లావుది లేదు, ఇప్పటికీ లేదు. వేలు పెట్టి చూశాను.

"అన్న సెప్పింది నిజమే వదినా" అన్నాను. "ముల్లు సన్నమే."

"ఆయన సెప్తానే ఉండె గదప్పా" అని వదిన లేచి, ఖాళీ చీరగుడ్డ మడతపెట్టుకుని, బస్సుకు పోయింది.